గొంతు నిలబడ్డ చోటు

అది 2023 వానాకాలం. చిక్కడపల్లిలో మా నాన్న పెట్టిన రేడియో రిపేరు దుకాణం నా చేతికి వచ్చి అప్పటికి పద్దెనిమిదేళ్లు. రేడియోలు పోయాయి, టేప్‌రికార్డర్లు పోయాయి, సీడీ ప్లేయర్లు వచ్చినంత తొందరగానే వెళ్లిపోయాయి. ఇప్పుడు నా పని ఎక్కువగా ఇళ్లల్లో స్పీకర్లు బిగించడం. నారాయణగూడ, దోమలగూడ, అశోక్‌నగర్, కవాడిగూడ... స్కూటీ మీద పావుగంటలో చేరగలిగినంత దూరం వరకే ఒప్పుకుంటాను. మొదట్లో నేను నిచ్చెనెక్కి గోడకు డ్రిల్లు పెడుతుంటే ఇంటివాళ్లు కింద నిలబడి "జర పైలం అమ్మా" అని హైరానా పడేవారు. ఇప్పుడు "అక్కా, చాయ్ పెట్టమంటవా?" అని అడిగి లోపలికి వెళ్లిపోతున్నారు.

మా పనిలో చాలా చిన్న విషయం ఒకటుంది. దాన్ని పొలారిటీ అంటాం. స్పీకర్ వెనక రెండు టెర్మినల్స్ ఉంటాయి, ఒకటి ఎరుపు, ఒకటి నలుపు. యాంప్లిఫైయర్ వెనకా అంతే. ఎరుపు నుంచి వచ్చిన వైరు ఎరుపుకే వెళ్లాలి, నలుపుది నలుపుకే. ఒక స్పీకర్‌కు ఈ రెండూ తారుమారైతే పొగ రాదు, ఫ్యూజు కొట్టదు. రెండు స్పీకర్లూ చక్కగా మోగుతూనే ఉంటాయి. కానీ ఒకటి గాలిని ముందుకు తోస్తున్న క్షణంలో రెండోది వెనక్కి లాగుతుంటుంది. తప్పు జరిగిందని మనకు చెప్పేవాళ్లెవరూ ఉండరు, చెవి తప్ప. ఆ చెవి కూడా సరైన చోట ఉండాలి.

ఇది నాకు పద్దెనిమిదేళ్లుగా తెలుసు. తెలిసీ నేను చేసిన తప్పు గురించే ఇప్పుడు చెప్పబోతున్నాను.

అశోక్‌నగర్‌లో నరహరి సారు ఇల్లు రెండో అంతస్తులో ఉంటుంది. గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలకు ఆయన ఇరవై రెండేళ్లుగా ఇంట్లోనే భూగోళం చెబుతున్నారు. బోర్డు పెట్టుకునే పెద్ద కోచింగ్ సెంటర్ కాదు. ఇంటి హాల్లో ఒక వైట్‌బోర్డు, కింద పరిచిన చాపలు, ముప్ఫై మంది పిల్లలు. పాలమూరు నుంచి, ఆదిలాబాద్ నుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటూ, పగలంతా లైబ్రరీలో కూర్చుని చదివేవాళ్లు ఆదివారం పొద్దున ఆయన క్లాసుకు వచ్చేవారు. ఆ గొంతు కోసమే వచ్చేవారని అందరూ అనేవారు. నదుల గురించి ఆయన చెబుతుంటే ఒడ్డున నిలబడి చూసినట్టే ఉండేదట.

ఆ గొంతుకే క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ కింద చిన్న రంధ్రం, ఊపిరి అక్కడి నుంచే. దానిమీద ఎప్పుడూ పల్చటి తెల్లగుడ్డ కట్టుకునేవారు. గొంతుకు ఆనించి మాట్లాడే ఒక చిన్న మిషను ఆసుపత్రివాళ్లు ఇచ్చారు గానీ, అందులోంచి వచ్చే బొంగురు చప్పుడు ఆయనకు నచ్చలేదు. రెండు రోజులు వాడి బీరువాలో పెట్టేశారు. ఏం చెప్పాలన్నా పలక మీద రాసి చూపించేవారు.

పాఠాలు మళ్లీ మొదలుపెట్టాలన్న ఆలోచన స్వప్నది. మహబూబ్‌నగర్ దగ్గర ఒక ఊరి నుంచి వచ్చిన అమ్మాయి. అమ్మానాన్నలు ఇదే నగరంలో బిల్డింగు పనులకు వెళతారు. రెండేళ్లుగా ఆ అమ్మాయి తన రివిజన్ కోసం సారు చొక్కాకు చిన్న మైకు తగిలించి ప్రతి క్లాసూ ఫోన్‌లో రికార్డు చేసుకునేది. సారు గొంతు బాగున్నప్పటి పాఠాలన్నీ ఆమె దగ్గర భద్రంగా ఉన్నాయి. వాటిని ముక్కలు ముక్కలుగా కత్తిరించి వరసగా పెట్టింది. సారు బోర్డు ముందు నిలబడతారు, చేతిలో రిమోట్. నొక్కితే ఆయన గొంతు పాఠం చెబుతుంది, ఆయన బోర్డు మీద పటాలు గీస్తారు. ఎవరైనా డౌటు అడిగితే ఆపి, జవాబు బోర్డు మీద రాస్తారు.

దానికి స్పీకర్లు కావాలని నన్ను పిలిచారు.

బోర్డుకు అటొకటి ఇటొకటి రెండు స్పీకర్లు బిగించాను. యాంప్లిఫైయర్‌ను ఎడమవైపు, వంటింటి గుమ్మం పక్కన అల్మారాలో పెట్టాను. ఆ ఇంట్లో అంతకుముందు ఉన్నవాళ్లు గోడలోపల స్పీకర్ వైర్లు వేయించుకున్నారు. రెండు చివర్లలోనూ ఎరుపు, నలుపు వైర్లు శుభ్రంగా కనిపిస్తున్నాయి. గోడలో పాత వైరు దొరికినప్పుడు నేను తప్పకుండా ఒక పరీక్ష చేస్తాను. ఆ రోజు చేయలేదు. ఆకాశం నల్లబడింది, నారాయణగూడలో ఇంకో ఇల్లు ఒప్పుకుని ఉన్నాను. రంగులు కనబడుతున్నాయి కదా, ఇంకేం పరీక్ష అనుకున్నాను. అల్మారా దగ్గరే నిలబడి పాఠం పెట్టి విన్నాను. గొంతు ఖంగుమంది. సారు భార్య విజయమ్మ వంటింటి గుమ్మంలోనే నిలబడి విని, కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను వెళ్లిపోయాను.

వారం తర్వాత ఆమె ఫోన్ చేసింది.

"మా సారుకు నచ్చుతలేదమ్మా. నాకైతె మంచిగనే ఇనబడుతుంది. ఒక్కసారి వచ్చి చూసిపో."

వెళ్లాను. సారు నన్ను చూసి పలక అందుకున్నారు. "ఇది నా గొంతు కాదు" అని రాశారు.

స్పీకర్లను ఒక్కొక్కటిగా మోగించి చూశాను. ఎడమది బాగుంది. కుడిది బాగుంది. వెనక చూశాను. ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు. నిచ్చెన దిగి, ఎంతో తెలిసినదానిలా ఆయనకు నచ్చజెప్పాను.

"సార్, అన్నీ కరెక్టే ఉన్నయ్. ఎవరి గొంతు వాళ్లకు రికార్డింగ్‌ల వేరేగనే ఇనబడుతది. మాట్లాడేటప్పుడు మనం లోపలికెల్లి ఇంటం, గిది బయటికెల్లి వస్తది. జర అలవాటైతె సెట్ అయితది."

నేను చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. ఆ విషయం నిజంగా నిజమే. కానీ అది ఆయన అడిగినదానికి జవాబు కాదు. ఆయన మళ్లీ ఏదో రాయబోయి, సుద్ద ఆపి, నా ముఖంలోకి చూశారు. రాసింది చెరిపేసి పలక పక్కన పెట్టేశారు. మెట్లు దిగేటప్పుడు విజయమ్మ నా వెంట వచ్చి గొంతు తగ్గించి అంది: "డాక్టరు సాబు గూడ గదే అన్నడు. గొంతు పోయిన బాధ మనసుల ఉంటది, కొన్నాళ్లు గట్లనే ఉంటరు అన్నడు."

అప్పుడు ఆ మాట నాకు ఊరటగా అనిపించింది. ఇప్పుడు గుర్తొస్తే సిగ్గుగా ఉంటుంది.

మరో రెండు వారాలు గడిచాయి. ఈసారి ఫోన్ చేసి విజయమ్మ ఒక్క మాటే అంది. "స్పీకర్లు తీసుకపో అమ్మా. సారు క్లాసులు బంద్ జేస్తున్రు."

విప్పే పనే కదా అని ఒక స్క్రూడ్రైవరూ, ఖాళీ అట్టపెట్టే పట్టుకుని పొద్దున్నే వెళ్లాను. హాల్లో సారు కింద కూర్చుని తన నోట్సులను కట్టలు కట్టి పిల్లల పేర్లు రాస్తున్నారు, పంచిపెట్టేయడానికి. స్వప్న గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఏడ్చి ఆపుకున్న ముఖం. నన్ను పక్కకు పిలిచింది.

"అక్కా, పోయిన రెండు ఆదివారాలు నేను చూసిన. సార్ బోర్డు కాడ నిలబడ్డడు, గొంతేమో ఎటో వస్తుంది. పోరగాళ్లు ఒకసారి ఈ డబ్బా దిక్కు చూస్తరు, ఒకసారి ఆ డబ్బా దిక్కు చూస్తరు. సార్ దిక్కు ఒక్కలు చూస్తలేరు. క్లాస్ అయినంక సార్ పలక మీద ఏం రాసిండో ఎర్కనా? 'నేను ఈ గదిలో లేను' అని రాసిండు."

వాళ్లింటి నిచ్చెన వేసుకుని ఎడమ స్పీకర్ మొదటి స్క్రూ తిప్పుతున్నాను. కింద నుంచి ఎవరో నిచ్చెనను తట్టారు. సారు. పలక పైకెత్తి పట్టుకున్నారు.

"ఒక్కసారి నా చోట నిలబడి వినండి. తర్వాత తీసేయండి."

మూడుసార్లు ఆ ఇంటికి వచ్చాను. అల్మారా దగ్గర నిలబడ్డాను, నిచ్చెన మీద నిలబడ్డాను, ఒక్కో స్పీకర్‌కు చెవి ఆనించి విన్నాను. ఆయన నిలబడే చోట, బోర్డుకు రెండడుగుల ముందు, సరిగ్గా మధ్యలో, ఒక్కసారి కూడా నిలబడలేదు.

దిగి వెళ్లి నిలబడ్డాను. ఆయన రిమోట్ నొక్కారు.

"పెన్నులు కింద పెట్టుండ్రి. ముందు ఇనుండ్రి. రాసుకునుడు తర్వాత" అని మొదలైంది పాఠం.

ఆ మాటలు వినిపిస్తున్నాయి, అర్థమవుతున్నాయి. కానీ ఆ మనిషి ఎక్కడా లేడు. గొంతు నా చెవుల మీద రెండు వైపుల నుంచీ ఒత్తుతోంది. వెనక నుంచి వస్తోందా అని తిరిగి చూశాను. వెనక గోడే ఉంది. మాటలో ఉండాల్సిన గుండె బలం, ఆ ఛాతీలోంచి వచ్చే మంద్రమైన ధ్వని, ఎవరో గరిటెతో తీసేసినట్టు మాయమైంది. రెండడుగులు ఎడమకు జరిగాను. గొంతు మళ్లీ బాగుంది. మధ్యకు వచ్చాను. మళ్లీ లేదు.

అల్మారా దగ్గర నిలబడితే ఎడమ స్పీకరే గట్టిగా వినిపిస్తుంది, కాబట్టి నాకు తేడా తెలియలేదు. వంటింటి గుమ్మంలో ఉండే విజయమ్మకూ తెలియలేదు. రెండు స్పీకర్లకూ సమానమైన దూరంలో నిలబడే మనిషికే అది పూర్తిగా తెలుస్తుంది. అక్కడ ఒకటి తోసిన గాలిని రెండోది లాగేసుకుంటుంది. ఆ ఇంట్లో అలా నిలబడేది ఒక్కరే.

"సార్, ఆపుండ్రి" అన్నాను. "ఇంట్ల సెల్లు ఉందా? గడియారం సెల్లు అయినా సరే."

స్వప్న గోడ గడియారంలోంచి సెల్లు తీసి ఇచ్చింది. నేను చేయకుండా వదిలేసిన పరీక్ష ఇదే. స్పీకర్ ముందు గుడ్డ తీసేస్తే లోపల గరాటులాంటి కాగితపు గిన్నె కనిపిస్తుంది, దాన్ని కోన్ అంటాం. వైర్లను యాంప్లిఫైయర్ నుంచి విప్పి, ఎరుపు వైరును సెల్లు ప్లస్‌కు, నలుపును మైనస్‌కు ఒక్క క్షణం తాకిస్తే ఆ కోన్ బయటికి ఉబకాలి. లోపలికి పోతే దారిలో ఎక్కడో వైర్లు మారాయన్నట్టు.

ఎడమ వైర్లకు తాకించాను. "బయటికొచ్చింది అక్కా" అంది స్వప్న. కుడి వైర్లకు తాకించాను. ఆ అమ్మాయి కోన్ దగ్గరికి వంగింది. "మల్ల పెట్టు" అంది. మళ్లీ తాకించాను.

"లోపటికి పోతుంది."

కుడివైపు కిటికీ తెర వెనక గోడలో ఒక చిన్న ప్లాస్టిక్ మూత ఉంది. ఎన్నేళ్ల కిందటో వైరు చాలక అక్కడ అతుకు వేసినట్టున్నారు. మూత విప్పి, నల్ల టేపు తీశాను. లోపల ఎరుపు వైరుకు నలుపు, నలుపుకు ఎరుపు మెలివేసి ఉన్నాయి. రెండు చివర్లలో ఎంత వెతికినా కనపడని తప్పు, మధ్యలో గోడ లోపల కూర్చుని ఉంది.

అతుకు ఎవరు వేశారో నాకు తెలియదు. కానీ దాన్ని పట్టుకోవాల్సింది నేను. సారు ముందుకు వెళ్లి నిలబడ్డాను.

"సార్, తప్పు నాది. మీకు ఇనబడ్డదే నిజం. నేనే చూడకుండ మీ మనసు మీదికి తోసిన."

ఆయన నవ్వారు. చప్పుడు లేని నవ్వు, భుజాలు మాత్రం కదిలాయి. తర్వాత ఆ నవ్వు ఎటో మారి, కళ్లలో నీళ్లు తిరిగాయి. పలక తీసుకుని చాలాసేపు రాశారు. "మూడు వారాలుగా నాకు మతి పోతోందేమో అనుకున్నాను. రాత్రింబగళ్లు అదే భయం. పోలేదన్నమాట."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ విజయమ్మ అది చదివింది. వచ్చి ఆయన పక్కన నిలబడి, ఆయన చేతిని తన రెండు చేతులతో పట్టుకుంది. "నేను గూడ నమ్మకపోతి" అంది.

స్కూటీ డిక్కీలోంచి కటింగ్ ప్లయరూ టేపూ తెచ్చి, అతుకు కోసి, ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు కలిపి, కొత్త టేపు చుట్టాను. పది నిమిషాల పని. సెల్లు మళ్లీ తాకించాను. రెండు కోన్లూ ఒకేసారి బయటికి వచ్చాయి. యాంప్లిఫైయర్‌కు వైర్లు బిగించి, "సార్, మీ చోటికి పోండ్రి" అన్నాను.

ఆయన వెళ్లి బోర్డు ముందు నిలబడ్డారు. రిమోట్ పట్టుకున్న చేయి వెంటనే నొక్కలేదు. మేము ముగ్గురం ఎదురుగా చాప మీద, పిల్లలు కూర్చునే చోట కూర్చున్నాం. విజయమ్మ అక్కడ కూర్చోవడం అదే మొదటిసారట.

నొక్కారు.

"పెన్నులు కింద పెట్టుండ్రి."

ఆ గొంతు స్పీకర్లలోంచి రాలేదు. నేను ఈ పనిలో ఉన్నదాన్ని, అది ఎలా జరుగుతుందో నాకు తెలుసు. ఒకే శబ్దం రెండు స్పీకర్లలోంచి ఒకే తీరున వస్తే, అది రెంటికీ మధ్య, ఏమీ లేని చోట పుడుతున్నట్టు మన చెవికి అనిపిస్తుంది. ఎన్నో ఇళ్లల్లో చూశాను, విన్నాను. కానీ ఏమీ లేని ఆ చోట ఒక మనిషి నిలబడి ఉండగా ఎప్పుడూ వినలేదు. గొంతు తిన్నగా వచ్చి ఆయన ఛాతీలో నిలబడింది. బరువుగా, వెచ్చగా, ఆయనంత ఎత్తున. నేను రెండు డబ్బాల వైపూ చూడాలనుకున్నాను. నా చూపు ఆయన మీద నుంచి కదల్లేదు.

పక్కన స్వప్న చేతిలో నా స్క్రూడ్రైవర్ ఉంది. ఆ మాట వినగానే ఆ అమ్మాయి దాన్ని నేల మీద పెట్టేసి చేతులు ఒళ్లో పెట్టుకుంది. తాను అలా చేసినట్టు ఆమెకు తెలిసినట్టు లేదు.

సారు కదలకుండా నిలబడ్డారు. ఎడమ చేయి మెల్లగా పైకి వెళ్లి ఛాతీ మీద ఆగింది. పాఠం సాగుతోంది. గోదావరి ఎక్కడ పుట్టి ఎటు వస్తుందో ఆ గొంతు చెబుతోంది. ఒకచోట ఆయన పెదవులు కదలడం మొదలుపెట్టాయి. మొదట మాటకు కొంచెం వెనక, తర్వాత మాటతో పాటు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అన్నీ ఆయనవే కదా. ఇక ఆ రెంటినీ విడదీసి చూడటం మాకు చేతకాలేదు.

"మాట్లాడుతున్రు" అంది విజయమ్మ. ఎవరితోనో కాదు, తనలో తాను. "మా సారు మాట్లాడుతున్రు."

ఆ ఆదివారం నన్ను క్లాసుకు రమ్మన్నారు. చిట్టచివర, చెప్పులు విడిచే చోటు దగ్గర కూర్చున్నాను. క్లాసులు ఆగిపోయాయన్న కబురు అప్పటికే తిరగడంతో ఇరవై మందే వచ్చారు. పాఠం మొదలైన కాసేపటికి నేను పాఠం వినడం మానేసి పిల్లలను చూస్తున్నాను. గోడ మీది డబ్బాల వైపు ఒక్కరూ తల తిప్పలేదు. ఆయన బోర్డుకు ఈ చివర నుంచి ఆ చివరకు నది గీస్తూ నడుస్తుంటే ఇరవై తలలూ ఆయనతో పాటు మెల్లగా తిరిగాయి. మధ్యలో ఒక అబ్బాయి చేయెత్తాడు. సారు రిమోట్ నొక్కి ఆపారు. ఆ అబ్బాయి లేచి నిలబడి, నేరుగా సారు ముఖంలోకి చూస్తూ, "సార్, మీరిప్పుడు చెప్పిండ్రు కదా..." అంటూ మొదలుపెట్టాడు.

మీరిప్పుడు చెప్పిండ్రు కదా. నేను తల దించుకుని కాసేపు చెప్పుల వైపు చూస్తూ ఉండిపోయాను.

తర్వాతి నెలలో నరహరి సారు ఆసుపత్రిలో మాట నేర్పేవాళ్ల దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టారు. అన్నవాహికలోకి గాలి మింగి, దాంతో మాట పలకడం నేర్పుతారట. ఏడాది పట్టింది. ఇప్పుడు చిన్న చిన్న మాటలు అంటారు, గరుకుగా, మెల్లగా. క్లాసు మాత్రం పాత గొంతుతోనే నడుస్తోంది. డౌట్లకు మటుకు జవాబు బోర్డు మీద రాయడం లేదు, తానే చెబుతున్నారు. స్వప్నకు ఉద్యోగం ఇంకా రాలేదు, రాస్తూనే ఉంది. ఆదివారాలు ఇంకో మైకు పట్టుకుని సారు కొత్త మాటలను కూడా రికార్డు చేస్తోంది.

నా పనిలో మారింది ఒక్కటే. ఏ ఇంటికి వెళ్లినా పెట్టె తెరవకముందే అడుగుతాను, "ఈ ఇంట్ల ఎవరు ఎక్కువ ఇంటరు? వాళ్లు ఏడ కూసుంటరు?" అని. పెద్దాయన మంచం మీద అంటే ఆ మంచం మీద కూర్చుంటాను. పాప కింద ఆడుకుంటుంది అంటే కింద కూర్చుంటాను. కొందరు నవ్వుతారు, నవ్వనీ. "బాగలేదు" అని ఒక మనిషి అన్నప్పుడు నా మీటరులో అంతా బాగుందని చెబితే, ఆ మనిషి మాటకన్నా మీటరునే నమ్ముకున్నట్టు. ఆయన ఎక్కడ నిలబడి ఆ మాట అన్నాడో, ముందు అక్కడికి వెళ్లి నిలబడాలి. అంతవరకూ నాకు తెలిసినదంతా నేను నిలబడ్డ చోటికే సరిపోతుంది.